తొంభై ఆరు మార్కుల మొగుడు

సోమవారం పొద్దున్నే పెనం మీద పాన్‌కేకులు తిప్పుతుంటే, నా మొగుడికి తొంభై ఆరు మార్కులు వచ్చాయని తెలిసింది.

తుంటి ఆపరేషనయ్యాక ఆర్విడ్ ఒకరి మీద ఆధారపడకుండా బతుకుతున్నాడో లేదో కనిపెట్టడానికి, మా అబ్బాయి కర్ట్ మినియాపొలిస్ నుంచి వచ్చి ఏది ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టే చిన్న చిన్న తెల్ల డబ్బాలు ఇంటినిండా అంటించి పోయాడు. పొయ్యికొకటి, ఫ్రిజ్‌కొకటి, వాషింగ్ మెషీన్‌కొకటి. ఎవరు తెరిచినా ఎవరు తిప్పినా వాటికి ఒకటే. పేరు మాత్రం ఆర్విడ్‌ది. వారం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది: "ఆర్విడ్ ఈ వారం ఇరవై ఒక్కసార్లు వంట చేశారు. ఐదుసార్లు బట్టలుతికారు. నూటికి తొంభై ఆరు మార్కులు. అభినందనలు!"

యాభై రెండేళ్ల కాపురంలో ఈయన పొయ్యి వెలిగించింది ఒక్కసారి. అదీ పడవ మోటారు గ్రీజు కరిగించడానికి.

"అవన్నీ చేసింది నేను కదా, ఆర్విడ్?" అన్నాను.

"నీ చెయ్యీ కొంత ఉందిలే మార్లిస్, నేను కాదనను" అన్నాడు పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ. ఎంత పెద్ద మనసో!

మా ఊళ్లో తన గొప్ప తాను చెప్పుకోవడం మహాపాపం. చేపల పోటీలో కప్పు గెలిచినా "ఏదో, ఫర్వాలేదు" అనాలి. అందుకని ఆర్విడ్ నోరు విప్పలేదు. రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుపోయి, కాఫీ కొట్లో, కాఫీ ఎవరు కొనాలో పాచికలేసుకునే ముసలాళ్ల బల్ల మీద పరిచి వచ్చాడు. సొమ్మొకడిది, సోకొకడిది. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బాకి నేనెవరో తెలియదు, సరే. ఇన్నేళ్లు నా ఎదురుగా కూర్చుని తిన్నవాడికి తెలియదా?

మా అక్క డెలోరిస్ సరస్సు ఒడ్డున ఉంటుంది. పదకొండేళ్లుగా "ఒక్క వారం వచ్చి పోవే" అని పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా ఆర్విడ్ "మరి నేనేం తిని బతకాలి?" అనేవాడు, నేను ఆగిపోయేదాన్ని. ఆ సాయంత్రం పెట్టె సర్దుకుని చెప్పాను, "రేపు అక్క దగ్గరికి వెళ్తున్నా. వారం ఉంటాను."

నోరు తెరిచాడు. కాఫీ బల్ల గుర్తొచ్చినట్టుంది, మూసేశాడు. తొంభై ఆరు మార్కులవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

"ఏదో, ఫర్వాలేదు" అన్నాడు నీరసంగా.

మర్నాడు మధ్యాహ్నం అక్కా నేనూ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఎవరో చేసి పెట్టిన కేకు ముక్క తిని ఎన్నేళ్లయిందో! అడక్కుండానే అక్క ఇంకో ముక్క వేసింది. అంతలో కర్ట్ ఫోను.

"అమ్మా, నాన్నకేమైంది? పొద్దుట్నుంచీ పొయ్యి వెలగలేదు! ఫ్రిజ్ తలుపు మాత్రం నలభైసార్లు తెరిచి మూశాడు. ప్రమాదం, ప్రమాదమని నా ఫోను ఒకటే మోత!"

"కంగారుపడకురా" అన్నాను. "మీ నాన్నకేం కాలేదు. ఒకరి మీద ఆధారపడకుండా బతకడం ఇవాళే మొదలుపెట్టాడు."