సార్ కోసం వేసిన ఫ్యాను

జెనిఫర్ ఒంటరిగా చేస్తే రేకు నిక్షేపంగా గిన్నెలా దిగుతుంది. గైడు కోదండరామయ్య సార్ వచ్చి కూర్చున్నారా, చిరిగి కూర్చుంటుంది. ఇదెక్కడి గోలో అర్థంకాక ఆ పిల్లకి తల ప్రాణం తోకకొస్తోంది.

గుడివాడ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె పరిశోధన ఆ గిన్నె చెయ్యడమే. అచ్చు లేకుండా, గుండ్రటి మొన ఉన్న పనిముట్టు టైటానియం రేకు మీద చుట్లు చుట్లుగా తిరుగుతూ కొంచెం కొంచెంగా లోపలికి నొక్కుతుంది. చల్లటి రేకు మొండిది, తొందరగా సాగదు. అందుకే కిందనుంచి వేడిగాలి కొట్టాలి. ఫొటోలు చూపించినా సార్ నమ్మడం మానేశారు. "కళ్ళతో చూడాలమ్మా. ఈరోజూ చిరిగితే మెషీను అనుదీప్‌కి ఇచ్చేద్దాం," అన్నారు. ఇన్నాళ్ళ కష్టం తోటి పరిశోధకుడు అనుదీప్ పాలా అని జెనిఫర్‌కి ఏడుపొచ్చింది.

మే నెల ఎండ. సార్ రాగానే కుర్చీ తుడిచి, మెషీనుకి ఇవతల ఉన్న టేబుల్ ఫ్యాను వేసి, అవతల కూర్చున్న ఆయనవైపు తిప్పింది. గూడూరులో వాళ్ళింటికి పాస్టరు గారొస్తే మొదట ఫ్యాను, తర్వాతే మంచినీళ్ళు. వాళ్ళమ్మ ఆనందమ్మ నేర్పిన మర్యాద అది. తనకోసం మాత్రం ఎప్పుడూ వేసుకోదు, చున్నీ మెషీన్లోకి ఎగురుతుందని భయం.

రేకు సగం లోతు దిగి చిరిగింది. మళ్ళీ ఫ్యాను ఉన్నవైపే. సార్ పెదవి విరిచారు. చిరుగు మీదికి వంగిన జెనిఫర్ చెంపకి చల్లగా గాలి తగిలింది. ఓరి దేవుడా! కిందనుంచి వేడిచేస్తూ, పైన ఒక పక్క తనే చల్లారుస్తోంది. అక్కడ రేకు మొండికేసి చిరగక ఏం చేస్తుంది? వేడి గురించి అన్ని పుస్తకాలు చదివిన బుర్ర, మర్యాద దగ్గరికొచ్చేసరికి పనిచెయ్యలేదు. తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఉన్న ఒక్క రేకూ బిగించి, ఫ్యాను ఆపేసింది. కారణం చెబితే సార్ సాకు అనుకున్నారు. కాసేపు చెమటలు తుడుచుకుని, ఆమె ఉండమని బతిమాలుతున్నా ఉక్కకి తాళలేక వరండాలోకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి గిన్నె ఎక్కడా చిరగకుండా దిగి, బల్లమీదుంది.

"నేను లేనప్పుడే వస్తుందేమమ్మా నీకు? పాతది తెచ్చిపెట్టావా?" అంటూ గిన్నె మీద వేలు పెట్టారు. చురుక్కుమంది.

"ఇప్పుడే దిగింది సార్," అంది జెనిఫర్.

ఆయన ఫ్యాను వంక చూశారు. ఈసారి ఆమె వెయ్యడానికి కదల్లేదు.

"మెషీను నీ దగ్గరే ఉండనీ," అన్నారాయన, వేలు ఊదుకుంటూ.