చల్లటి పెట్టె

నాకు కోపం ఎక్కువ. దాచడం ఎందుకు, అందరికీ తెలిసిన సంగతే. ఆసుపత్రి కింది అంతస్తులో ఒక గది ఉంది. ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ అక్కడే కడిగి, పెట్టెల్లో సర్ది, ఆవిరి మిషన్‌లో పెట్టి శుద్ధి చేస్తారు. ఆ గదికి నన్ను ఇన్‌చార్జిని చేసి మూడు వారాలైంది. మొదటి వారంలోనే మావాళ్ళు నాకు పేరు పెట్టేశారు, సైరన్ అని. ఎదురుగా ఉంటే మాత్రం ‘అమ్మా’, ‘మేడం’.

ఇన్‌చార్జి అయిన రోజు నుంచీ తిండి సయించడం లేదు. ఎవరు ఎక్కడ కొంప ముంచుతారో అని ఒకటే గుబులు. పనివాళ్ళు ఆరుగురు. ఆరుగురి వెనకాలా తిరిగేదాన్ని. వాళ్ళు సర్దిన కత్తెరలు తీసి మళ్ళీ నేనే సర్దేదాన్ని. అదీ చాలక, నా సంతకం ఉన్న చీటీ అంటించకుండా ఒక్క పెట్టె కూడా పైకి వెళ్ళకూడదని రూలు పెట్టాను. రెండో రోజుకే పెట్టెలు గుట్ట పడ్డాయి, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు మహా తెలివైన ఆలోచన వచ్చింది. పొద్దున్నే చీటీలన్నింటి మీదా టకటకా సంతకాలు గీకేసి సర్దే బల్ల మీద పడేశాను.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! అంతకుముందు, పెట్టె ఆవిరి మిషన్‌లోంచి బయటికొచ్చాకే చీటీ అంటించేవాళ్ళు. ఇప్పుడు చీటీలు సర్దే బల్ల మీదే దొరుకుతున్నాయి కదా, సర్దగానే అంటించేస్తున్నారు. ఈ సంగతి నేను గమనిస్తే కదా.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి రిజిస్టర్ రాస్తున్నాను. మిషన్‌లో పెట్టిన లెక్కలో పదకొండు పెట్టెలని ఉంది. పైకి పంపిన లెక్కలో పన్నెండు. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ చూశాను. పదకొండు. పన్నెండు. ఒక పెట్టె ఆవిరికి వెళ్ళకుండానే నా సంతకంతో పైకి వెళ్ళిపోయింది!

పెట్టె లోపల చిన్న కాగితం ముక్క ఉంటుంది. ఆవిరి తగిలితే నల్లబడుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మూత తీశాక పైనున్న నర్సు దాన్ని చూడాలి. కానీ సైరన్ సంతకం చేసిందంటే ఇక చూసేదేముందిలే అని వాళ్ళూ చూడటం మానేసి ఉంటే? పది గంటలకి ఆపరేషన్. ఎవరో ఒకాయన పొట్ట కోస్తారు.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. లిఫ్ట్ ఎక్కడో పైన ఆగి ఉంది. మెట్లెక్కి పరిగెత్తాను. మూడు అంతస్తులు. సిగ్గు విడిచి చెప్తున్నా, రెండో అంతస్తు దాటుతుంటే పాడుబుద్ధి పుట్టింది. చీటీలో తేదీ తప్పు పడిందని చెప్పి పెట్టెలన్నీ వెనక్కి తెచ్చేసుకుంటే ఎవరికీ తెలియదు కదా అని. ఛీ, ఏం మనిషిని!

ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒకావిడ భర్త చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెని చూశాక అబద్ధం నోట్లోకి రాలేదు. తలుపు తోసి హెడ్ నర్సుని కేకేశాను.

“ఆపండి! ఒక పెట్టె ఆవిరికి వెళ్ళలేదు. ఏదో తెలియదు. సంతకం నాదే.”

“ఏంటి? మత్తు ఇవ్వబోతున్నారమ్మా!” అంది ఆవిడ, మొహం పాలిపోయి.

ఐదు పెట్టెల మూతలు అప్పటికే తీసేసి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో కాగితం ముక్క చూసింది. నలుపు. నలుపు. నలుపు. నాలుగోది తెలుపు. అందులోని కత్తులు అప్పటికే బల్ల మీద పరిచేసి ఉన్నాయి.

ఆపరేషన్ మూడు గంటలు వాయిదా పడింది. బయట ఆవిడ “ఏమైందమ్మా?” అని అడిగితే, సామాను మళ్ళీ శుభ్రం చేయాలని, తప్పు మాదేనని చెప్పాను.

కిందికొచ్చేసరికి గదిలో ఆరుగురూ బిక్కచచ్చి నిలబడ్డారు. నోటిదాకా వచ్చింది ‘ఏ దరిద్రుడు’ అని. మింగేశాను.

“ఒక పెట్టె ఆవిరికి వెళ్ళలేదు, ఎవరైనా గమనించారా?” అన్నాను.

బండి తోసే పెద్దాయన ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్ళ నుంచీ అదే బండి తోస్తున్న మనిషి.

“బండిలో పెడుతుంటే పదకొండు వెచ్చగా ఉన్నాయమ్మా. ఒకటి చల్లగా తగిలింది.”

“తెలిసిందా మీకు? తెలిసి కూడా చెప్పలేదా?”

“మీ సంతకం ఉందిగా. మొన్న మిషన్ చప్పుడు తేడాగా ఉందంటే, ‘మిషన్ సంగతి నేను చూసుకుంటా, నీ బండి నువ్వు తోసుకో’ అన్నారు. అందుకని తోసుకున్నానమ్మా.”

నాకు గుర్తే లేదు. అలాంటివి రోజుకి ఎన్ని అంటానో! నేలకేసి చూస్తున్న ఆ మనిషి ముందు నాకు తల తీసేసినట్టయింది. ఆరుగురి కళ్ళూ చేతులూ ఉండగా, అందరివీ కట్టేసి నా రెండు కళ్ళతో గది నడుపుదామనుకున్నాను.

నేను సంతకం చేసి పెట్టిన చీటీల్లో మిగిలినవి చింపేశాను. “మిషన్‌లోంచి ఎవరు తీస్తే వాళ్ళే అప్పుడే చీటీ అంటించి సంతకం పెట్టండి. ఎవరికి అనుమానం వచ్చినా బండి ఆపేయండి. నన్ను అడగక్కర్లేదు. పెద్దాయనా, మొన్న అలా అన్నందుకు ఏమీ అనుకోకండి” అన్నాను. నమ్మారో లేదో. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి పైనుంచి ఫోన్ వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగిందని. నా ఉద్యోగం సంగతి రేపు తేలుస్తారట.

రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. మా ఆయన “నీకు తిండి ఎందుకు సయించడం లేదో ఇప్పుడు తెలిసింది” అన్నాడు. మా అమ్మాయి మాత్రం కంచంలో చెయ్యి ఆపేసింది.

“మరి ఆ తాతని తిట్టలేదా అమ్మా?”

“లేదే.”

“నిజంగా?”

“నిజంగానే. ఏం?”

కాసేపు మెతుకులు కెలికింది. “నేను కాలేజీకి వెళ్ళడం లేదమ్మా. రెండు వారాలైంది. లైబ్రరీలో కూర్చుని వచ్చేస్తున్నా.”

తల తిప్పి మా ఆయన వైపు చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

“నాన్నకి మొదటిరోజే చెప్పాను” అంది అది.

నాలుక చివర వంద మాటలు ఉన్నాయి. పళ్ళు బిగించి, కంచం పక్కకి జరిపాను.

“ఎందుకు వెళ్ళడం లేదో చెప్పు” అన్నాను. “నేను వింటాను.”

అది నా మొహంలోకి చూస్తూ, ఎప్పుడు అరుస్తానా అని ఎదురుచూసింది.