తోక్తోబుబు వాటా

సాల్కిన్ టీవీ స్టూడియోలో నేల తుడుస్తోంది. మోకాళ్ల నొప్పి. గోడ పట్టుకుని వంగుతుంది, గోడ పట్టుకునే లేస్తుంది. ఇన్నేళ్లూ ఆమె అక్కడ ఉన్నట్టే ఎవరూ గమనించలేదు. ఇవాళ గుమ్మం దగ్గర కాపలావాడు కూడా ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

పోయిన నెల హాస్య కార్యక్రమానికి రావలసిన నటి రాలేదు. దర్శకుడు సాల్కిన్‌ని పిలిచి విందు సన్నివేశంలో కూర్చోబెట్టాడు. తన వాటా మాంసం ఇంటికి పట్టుకెళ్లే ముసలమ్మ వేషం. ఏం చెయ్యాలో తోచక, పక్కింటి తోక్తోబుబు విందుల్లో చేసేదే చేసింది. అటూ ఇటూ చూసి, ఎముక కోటు లోపల దోపుకుని, పైనుంచి రెండుసార్లు తట్టింది. అక్కడున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆమె చేసిన పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

టీవీలో వచ్చాక ఎవరూ నవ్వలేదు. విందుకు పరిచిన పవిత్రమైన గుడ్డ మీద ఉమ్మేసినట్టేనని పత్రికలో ఒకాయన రాశాడు. జనం ఫోన్లు చేసి తిట్టారు. ఇంట్లోవాళ్లకి వాటా పట్టుకెళ్లడం మన పెద్దలు నేర్పిన మర్యాద, దొంగతనం కాదన్నారు. తిట్టడానికైనా చూస్తున్నారు కదా అని దర్శకుడు సంతోషించాడు. మళ్లీ ఆ వేషమే వెయ్యమన్నాడు. సాల్కిన్ తడిగుడ్డ పిండి మళ్లీ నేల తుడవసాగింది.

పత్రికల గొడవ ఆమెకు పట్టలేదు. తన మొగుడు చనిపోయిన ఏడాది తోక్తోబుబు కోటులోంచి తీసిచ్చిన మాంసమే పిల్లలు తిన్నారు. ఆ తోక్తోబుబు ఇప్పుడు పలకరిస్తే పలకడం లేదు.

మధ్యాహ్నం వాళ్ల వీధిలో చనిపోయిన ఒక ముసలాయన నలభయ్యో రోజు విందు. సాల్కిన్ వెళ్లి తోక్తోబుబు పక్కన కూర్చుంది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు గాని టీ పొయ్యలేదు.

"కెమెరా ఎక్కడ పెట్టావే?" అంది ఒకావిడ.

వాటాలు పంచారు. అందరిలోకీ వయసులో పెద్దది తోక్తోబుబు. ఆమె తీసుకుంటే గాని ఎవరూ తీసుకోరు. ఆమె కదల్లేదు.

సాల్కిన్ తన వాటా కూడా ఆమె ముందుకు జరిపింది. "బుద్ధిలేక చేశానక్కా. పిల్లలకి పట్టుకెళ్లు."

"నువ్వే పట్టుకెళ్లవే. నాకంటే బాగా దాస్తావు."

ప్రార్థన కాగానే తోక్తోబుబు అందరిలాగే అరచేతులతో మొహం తడుముకుని, కోటుకి మెడ దాకా గుండీలు పెట్టుకుని, వట్టి చేతులతో వెళ్లిపోయింది. ఒక్కొక్కరే మిగతావాళ్లూ వాటాలు ముట్టకుండా లేచారు.

తోక్తోబుబు కూర్చున్న చోట, పళ్లెంలో డొక్క ఎముక మీద కొవ్వు చల్లారి తెల్లగా పేరుకుంటోంది.