లోపలి గుడ్డ

"దర్జాగా బతకలేకపోయినా దర్జీగా బతికేస్తున్నా!" అని వీధంతా వినబడేలా నవ్వే దర్జీకి, కూతురు పోయాక నోరు కుట్టేసినట్టయింది. తాగి వ్యాను నడిపి ఆ పిల్లను గుద్దేసిన డ్రైవరు జైలుకెళ్లాడు. "వాణ్ణి క్షమించకుండా దేవుడికి దణ్ణాలెందుకయ్యా?" అని భార్య పోరితే, రోజూ మిషను తొక్కేముందు దర్జీ, "స్వామీ, క్షమించే మనసివ్వు" అని మొక్కేవాడు.

శిక్ష ముగిశాక ఓ పొద్దున ఆ డ్రైవరే కొట్టు మెట్లెక్కాడు, చిక్కి సగమైపోయి, చేతిలో పాత ప్యాంటుతో.

"బాబాయ్, మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఇది నడుం దగ్గర నిలవట్లేదు. నీకు మొహం చాటేసి ఎన్నాళ్లు తిరగను?"

"నువ్వడిగిన గడియ వచ్చింది. కాదనకు," అంది భార్య లోపలినుంచి.

దర్జీ కొలత తీసుకున్నాడు. వాడి నడుం చుట్టూ టేపు తిప్పుతున్నా కోపం రాలేదు. స్వామి విన్నాడనుకుని, ప్యాంటు బిగించి కుట్టి ఇచ్చాడు. డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

ఎవరి బట్ట బిగించినా, మిగిలిన గుడ్డను లోపలే మడిచి ఉంచడం దర్జీ పద్ధతి. "మనిషన్నాక మళ్లీ ఒళ్లు చేయడా?" అనేవాడు. ఎదిగే పిల్ల కదా అని, కూతురి గౌనుల్లోనైతే జానెడు వదిలేవాడు.

ఊడుస్తున్న భార్య చీపురు మిషను కింద పడున్న ప్యాంటు ముక్కల దగ్గర ఆగింది. "ఇదేంటి, వాడి గుడ్డ కత్తిరించేశావా?"

ఎప్పుడు కత్తిరించాడో దర్జీకే తెలియదు.

మర్నాడు మిషను ముందు చేతులైతే జోడించాడు గాని, ఏమడగాలో తోచలేదు.