నల్లచరియ దాటకముందే

మబ్బుకు వాసన ఉంటుంది.

తడిసిన గొంగళి వాసన. ఎండిన రాయి మీద ఇప్పుడే పడిన వాన వాసన. చిన్న విమానం కిటికీ సందులోంచి అది లోపలికి వస్తుంది. ముందు ముక్కుకు తగులుతుంది, ఆ తర్వాతే కంటికి కనబడుతుంది.

కెప్టెన్ ఇంద్రకళ రోకాకు ఆ వాసనంటే భయం. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ భయం. ఆ భయమే ఆమెను ఇన్నేళ్ళూ భద్రంగా ఇంటికి చేరుస్తోంది.

కర్ణాలీ లోయల్లో మబ్బు వెనక కొండ ఉందో లేదో ఎవరూ వెళ్ళి చూడరు. ఉందనే అనుకుంటారు. వెనక్కి తిప్పుతారు.

జెట్ విమానంలో మబ్బుకు వాసన ఉండదట.

కిటికీలు తెరుచుకోవట.

ఆ సంగతి ఆమెకు చెప్పింది తోటి పైలట్లు, నేపాల్‌గంజ్ విమానాశ్రయం బయట టీ కొట్టులో. చెప్పడమేమిటి, ఏడిపించడం.

"జెట్‌లో కిటికీ ఉత్త షోకే దిదీ. బయటికి చూసే పనే లేదు. హాయిగా స్వెట్టర్లు అల్లుకోండి."

"అల్లాక మాక్కూడా తలా ఒకటి పంపండి. పైన చలికి చచ్చిపోతున్నాం."

ఆమె నవ్వింది. అందరితో పాటు నవ్వింది. టీ మాత్రం తాగలేదు, చల్లారిపోయింది.

ఎందుకంటే కబురు నిజమే. కాఠ్మాండూలో పెద్ద జెట్ కంపెనీ ఒకటి ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. వస్తారో రారో శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమంది.

వెళ్తే...

వెళ్తే ఆమె మళ్ళీ కుడి సీటులో కూర్చోవాలి. ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు సహాయకుడిది. కంపెనీ మారిన పైలట్ వరసలో అందరికంటే వెనక నిలబడాలి, ఇక్కడ ఎంత పెద్ద కెప్టెనైనా సరే. నిన్నగాక మొన్న మీసాలొచ్చిన కుర్రాళ్ళను సర్ అని పిలవాలి. అదేమంత బాధ కాదు. బాధ కాదని రోజుకోసారి తనకు తానే చెప్పుకుంటోంది, అంతే.

వెళ్ళకపోతే...

వెళ్ళకపోతే ప్రజ్ఞ అన్నం తినదు.

ప్రజ్ఞ ఆమె కూతురు. కాఠ్మాండూలో తండ్రి దగ్గర ఉండి చదువుకుంటోంది, మూడో తరగతి. పోయిన వర్షాకాలంలో తోటి పైలట్ లోకేంద్ర విమానం కొండను గుద్దుకుంది. ఆ వార్త ప్రజ్ఞ టీవీలో చూసింది. లోకేంద్ర వాళ్ళింటికొచ్చి మోమోలు తిన్నవాడు, ఆ పిల్లకు కాగితం విమానాలు చేసిచ్చినవాడు. ఆ రోజు నుంచి ప్రజ్ఞకు తల్లి నోటి నుంచి ఒక్క మాట కావాలి.

"దిగాను."

ఆ మాట వస్తేనే బడిలో టిఫిన్ డబ్బా తెరుస్తుంది. పాపం టీచరమ్మ తన ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. సిగ్నల్ లేని లోయలో తల్లి చిక్కుకుపోయిన రోజున ఆ డబ్బా నిండుగా ఇంటికి తిరిగొస్తుంది.

భర్త ఏమీ అనడు. మానెయ్యమని ఒక్కనాడూ అనలేదు. అంటే పోట్లాడేది. అనకపోవడమే ఆమెకు మొయ్యలేని బరువైపోయింది.

మరి ఇటు...

ఇటు ధూపీచౌర్ ఉంది.

కొండ వాలులో ఒక పచ్చిక బయలు. దాన్నే రాళ్ళేరి రన్‌వే అన్నారు. రోడ్డు లేదు. మంచు పడి కనుమ మూసుకుపోతే నడకదారీ లేదు. అప్పుడు బియ్యం విమానంలోనే వెళ్ళాలి. ఉప్పు విమానంలోనే వెళ్ళాలి. బిడ్డ అడ్డం తిరిగిన తల్లులు విమానంలోనే కిందికి రావాలి. అక్కడ దిగడానికి అనుమతి ఉన్న కెప్టెన్లు మొన్నటిదాకా ఇద్దరే. ఒకాయన తిలక్ శాహీ, పోయిన దశైన్ పండక్కి రిటైరయ్యారు. ఇక మిగిలింది ఇంద్రకళ. ఆమె కూడా వెళ్ళిపోతే...

ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ చివరిదాకా అనుకోలేదు.

ఉద్యోగం ఇచ్చే ముందు జెట్ కంపెనీ వాళ్ళు ఆమెకు పరీక్ష పెట్టారు. నిజం విమానంలో కాదు, గదిలో పెట్టిన ఉత్తుత్తి విమానంలో. దాన్ని సిమ్యులేటర్ అంటారు. కిటికీలో బొమ్మ ఆకాశం. ఆమె బాగానే నడిపింది. అప్పుడు ఎదురుగా బొమ్మ మబ్బు వచ్చింది.

చేతులు తిప్పేశాయి.

ఆమె తిప్పలేదు. చేతులే తిప్పాయి. మొత్తం వెనక్కి, వచ్చిన దారినే.

పరీక్ష పెట్టిన పెద్దమనిషి పగలబడి నవ్వాడు. "ఎక్కడికి మేడమ్? అది ఉత్త మబ్బు! పోనివ్వండి లోపలికి."

మళ్ళీ వచ్చింది మబ్బు. మళ్ళీ తిప్పాయి చేతులు.

"కొండల నుంచి వచ్చినవాళ్ళంతా ఇంతే," అన్నాడాయన పక్కనున్న మనిషితో. "ఏం ఫర్వాలేదు. ఆర్నెల్లలో మరిచిపోతారు."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఉద్యోగమూ ఇచ్చాడు. కానీ ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. మరిచిపోతారు... మరిచిపోతే ఇక ఈ లోయలకు రాలేదు. రాకూడదు కూడా. మబ్బంటే భయం పోయిన మనిషి ఇక్కడ ఎన్నాళ్ళో బతకదు. ఒకసారి వెళితే వెళ్ళినట్టే.

లోయ పైలట్లకు ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఆఫీసూ అడగదు, అయినా ఎవరూ తప్పరు.

ఒక లోయను ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లో పెట్టే రోజున, ఇచ్చేవాళ్ళు కుడి సీటులో కూర్చుంటారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటారు. చక్రాలు ఆగేదాకా నోరు విప్పరు. విప్పకూడదని కాదు. వెనక జనం ఉంటారు కదా, ప్రమాదమనిపిస్తే విప్పాల్సిందే. కానీ ఒక్క మాట బయటికొస్తే ఆ పొద్దు లెక్కలోకి రాదు. మళ్ళీ ఏడాదికి, ఇదే రుతువు తిరిగొచ్చాక చూసుకోవాలి.

ధూపీచౌర్ దారిలో ఆ మాట వచ్చేది ఎప్పుడూ ఒక్కచోటే. నల్లచరియ దగ్గర.

నది మలుపులో నల్లగా నిలబడిన కొండచరియ అది. అక్కడిదాకా లోయ వెడల్పు, విమానం వెనక్కి తిరగడానికి చోటుంటుంది. దాటితే ఉండదు. దాటాక ముందుకే. అందుకని నల్లచరియ దగ్గరికి వచ్చేసరికి రన్‌వే మొత్తం కనబడాలి, ఈ చివర నుంచి ఆ చివరికి. కనబడకపోతే తిప్పెయ్యాలి. కొంచెం కనబడిందనే మాట అక్కడ చెల్లదు.

ఇంద్రకళకు లోయ ఇవ్వబోయిన రోజున తిలక్ శాహీ అక్కడే నోరు విప్పారు.

"వెనక్కి తిప్పు, బహినీ."

అంతే. ఏడాది పోయింది. చెల్లీ చెల్లీ అంటూనే ఏడాది మింగేశాడని ఆయన ఎదురైనప్పుడల్లా ఆమె మొహం తిప్పుకునేది. ఆయన మాత్రం ఎప్పటిలాగే పలకరించేవారు, అన్నం తిన్నావా అని అడిగేవారు.

గురువారం పొద్దున ఎడమ సీటులో దీపేశ్ బుఢా కూర్చున్నాడు.

జుమ్లా కొండల్లో పుట్టిన కుర్రాడు. రెండేళ్ళుగా ఆమె పక్కన ఎగురుతున్నాడు. చేతులు బంగారం. నవ్వు ఎక్కువ, ఓపిక కొంచెం తక్కువ. అతనికి లోయ ఇచ్చేస్తే ధూపీచౌర్‌కు విమానం ఆగదు, ఆమె వెళ్ళిపోవచ్చు. ఈ ఒక్క పొద్దు గడిస్తే చాలు. రేపు శుక్రవారం.

"దిదీ, తుమ్మొచ్చినా ఆపుకోండి. మనవాళ్ళు తుమ్మును కూడా మాట కిందే జమకట్టేస్తారు."

"ముందు చూసి నడుపు, చాలు."

వెనక బియ్యం బస్తాలున్నాయి, కప్పు రేకులున్నాయి. గుడ్ల అట్టలు ఒళ్ళో పెట్టుకున్న బడిపంతులున్నాడు. కాన్పుకు కిందికొచ్చి, బిడ్డను పొదువుకుని తిరిగి ఊరికి వెళ్తున్న తల్లి ఉంది. ఆ తల్లిని పోయిన నెల కిందికి తెచ్చింది ఇంద్రకళే.

ఆమె చేతులు తొడల కింద పెట్టుకుంది.

మైదానం వెనకబడింది. మొదటి కొండ కిందికి జారింది. రెండో కొండ. నది. ఎండలో నది తెల్లగా మెరిసింది. దీపేశ్ ఒక్క తప్పూ చేయలేదు. ఆమెకు మనసులో చిన్నగా సంతోషం మొదలైంది... దాన్ని ఆపుకోలేదు. ప్రజ్ఞను బడి గేటు దగ్గర దింపుతున్నట్టు అనుకుంది. తన చేత్తో జడ వేస్తున్నట్టు అనుకుంది.

అప్పుడు వాసన వచ్చింది.

తడిసిన గొంగళి వాసన.

ఎడమ పక్కన నల్లచరియ పెద్దదవుతోంది. ఎదురుగా ధూపీచౌర్ రన్‌వే... సగమే. పై సగం ఎండలో ఉంది. చక్రాలు ఆనించాల్సిన కింది సగం మీద మబ్బు.

తిప్పాలి.

ఇప్పుడే తిప్పాలి.

దీపేశ్ తిప్పలేదు.

మాట ఆమె గొంతు దాకా వచ్చింది. చిన్న మాట. తిప్పు. అంటే విమానం తిరుగుతుంది. అంటే ఏడాది పోతుంది. శుక్రవారం పోతుంది. ఆ డబ్బా ఇంకో ఏడాది మూసే ఉంటుంది...

దీపేశ్ ఒక్కసారి ఆమె వైపు చూశాడు.

ఆమె నోరు మెదపలేదు.

బొమ్మ మబ్బును చూసి తమంతట తామే తిరిగిన చేతులు, నిజం మబ్బు ముందు తొడల కింద కదలకుండా పడున్నాయి.

నల్లచరియ దాటిపోయింది.

తెలుపు.

అంతా తెలుపు. పైనా కిందా లేదు. ఇంజన్ల మోతలో పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తోంది. ఇంద్రకళకు ప్రజ్ఞ పేరు కూడా గుర్తు రాలేదు. ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు.

మబ్బు విడిపోయింది.

ఎందుకు విడిపోయిందో ఎవరికీ తెలియదు. విడిపోయింది, అంతే. రన్‌వే మొత్తం కనబడింది. దీపేశ్ చక్రాలు ఆనించాడు, ఎంత మెత్తగా అంటే పంతులు ఒళ్ళో ఒక్క గుడ్డూ పగల్లేదు. విమానం వాలు ఎక్కి ఆగింది.

బయట జనం చప్పట్లు కొట్టారు. ఈ పొద్దు సంగతి ఊరంతటికీ తెలుసు. దీపేశ్ మెడలో బంతిపూల దండ వేశారు, నుదుట టీకా బొట్టు పెట్టారు. ఒక ముసలమ్మ అతని బుగ్గలు పుణికింది. "ఇదిగో, మావాడే! ఇక మా మనవడే నడుపుతాడు విమానం!"

తర్వాత ఆమె ఇంద్రకళ చేతులు పట్టుకుంది.

"నువ్వెళ్ళు తల్లీ. నీ బిడ్డ దగ్గరికి వెళ్ళు. చాలా ఏళ్ళు చూశావు మమ్మల్ని."

ఇంద్రకళకు కన్నీళ్ళు ఆగలేదు. సంతోషానికి ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

రన్‌వే పక్క స్టేషన్ గదిలోని ఫోన్ నుంచి బడికి ఫోన్ చేసింది.

"దిగాను."

"మబ్బుందా మమ్మీ?"

"లేదమ్మా."

అటు నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. కూతురితో అబద్ధమాడటం అదే మొదటిసారి.

రెక్క నీడలో దీపేశ్ నిలబడి ఉన్నాడు. దండ ఇంకా మెడలోనే ఉంది.

"దిదీ... అయినట్టేనా?"

"బాగా దింపావు," అంది. "కానీ రాకుండా ఉండాల్సింది. సగం రన్‌వే మబ్బులో ఉంది."

అతని నవ్వు ఆగిపోయింది. తల మాత్రం దించుకోలేదు.

"తెలుసు దిదీ. నాకూ భయమేసింది. అందుకే మీ వైపు చూశాను. మీరేమీ అనలేదు. మీరే అనలేదంటే... వెళ్ళొచ్చేమో అనుకున్నాను."

ఆమె అతని మెడలోని దండ వైపు చూసింది.

తన నోరు మూయించింది పద్ధతి కాదు. వెళ్ళిపోవాలన్న కోరిక. అంత చిన్న కోరిక, అంత న్యాయమైన కోరిక. దానికోసం పసిబిడ్డతో సహా అందరినీ మబ్బులోకి పంపింది. ఈ కుర్రాడు కూడా రేపటి నుంచి సగం రన్‌వేను చూసి సరిపోతుందనుకుంటాడు, ఎందుకంటే ఆమె పక్కనుండగా ఒకసారి సరిపోయింది కదా. తిలక్ శాహీని చూసి తాను మొహం తిప్పుకోవడం గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

లోయలో గాలి లేస్తోంది. అది ముదిరితే ఇక ఈ రోజుకు విమానం లేవడం కుదరదు. కిందికి వెళ్ళేవాళ్ళు ఎక్కి కూర్చున్నారు, కాలు విరిగిన ఒక ముసలాయన్ని దుప్పటిలో మోసుకొచ్చి ఎక్కించారు. స్టేషన్ మనిషి తొందరపెడుతున్నాడు.

దీపేశ్ దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. విమానం తలుపు దగ్గర ఆగాడు.

"నేనెటు కూర్చోవాలి దిదీ? ఎడమా, కుడా?"

ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అతని వైపు చూసింది.

లోపల జనం బెల్టులు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముందు రెండు సీట్లూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.