ముంతాజక్క హోటల్లో మూగవాడు

బ్యాంకు ఉద్యోగం మీద భీమవరం నుంచి నర్మెట్ట వచ్చాను. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. రోడ్డు పక్క ముంతాజక్క హోటల్లో ఎప్పుడు చూసినా నినాదాలు, వాదనలు. నా యాస వింటే ఏమంటారోనని వాసన పీల్చుకుంటూ దాటిపోయేవాణ్ణి. ఎన్నాళ్లని బిస్కెట్లతో కడుపు నింపుకోను? ఒక మధ్యాహ్నం తెగించి లోపలికెళ్లి, జొన్నరొట్టె వైపు వేలు చూపించాను. మూగవాణ్ణనుకుంది కాబోలు, అక్క జాలిగా చూసి, తలకాయ కూర గరిటె మీద గరిటె వడ్డించింది.

"అయ్యో, చాలండీ!" అనేశాను.

అందరూ నావైపే తిరిగారు.

అక్క గరిటె గాల్లోనే ఆపింది. "మాటలొస్తయా తమ్మీ నీకు? పాపం, నోరు లేదని ఉత్తగనే పరేషానైతి! ఇగ చెప్పు, కూర ఎట్లున్నది?"