మల్‌సున్ పట్టిన పైస్వరం

ఎనిమిదేళ్లు జర్మనీలో పాటలు కట్టడం, ఆర్కెస్ట్రాను నడిపించడం నేర్చుకుని వచ్చిన బాన్ సొరిన్‌కు సియోల్‌లో అందరూ ఒకే మాట చెప్పారు: "కబురు చేస్తాం." ఎవరూ చేయలేదు. చివరికి గున్సాన్‌లో ఆడవాళ్ల గాయక బృందం దొరికింది.

ఇరవై ఆరుగురు. అందులో ఇరవై ఐదుగురు ప్యో మల్‌సున్ నోటికేసే చూస్తారు. బజారులో ఎండుచేపల కొట్టు నడిపే ఆ అరవై ఏడేళ్ల మనిషి పైస్వరం పట్టుకుందంటే వదలదు. సొరిన్ చేయి దించినా, బల్ల చరిచినా లెక్కలేదు.

"పెద్దమ్మా, అక్కడ సాగదీయకూడదు."

"టీచరమ్మా, నీ పుల్ల నువ్వు ఊపుకో. నా ఊపిరి నా ఇష్టం."

వెనక వరస కిసుక్కుమంది.

సొరిన్ మూడు వారాలు కూర్చుని కొత్త పాట కట్టింది. మధ్యలో అందరూ చేపలమ్మే కేకల్ని గుసగుసగా పాడుతుంటే, మల్‌సున్ ఒక్కతే పైస్వరం పట్టాలి. ఎంతసేపు? కాగితం మీద "ఊపిరి ఉన్నంతసేపు" అని ఉంది.

మల్‌సున్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఇందులో ఏదో మెలిక ఉంది."

"ఏమీ లేదు. నేను చేతులు కట్టుకుని నిలబడతాను."

మల్‌సున్ అందుకుంది. నాలుగు క్షణాల్లో ఆగిపోయింది. మళ్లీ అందుకుంది, మళ్లీ ఆగింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఆపేవాళ్లు లేకపోతే ఎలా పాడతారే? బెదురుగా ఉంది. ఆ చెయ్యేదో ఎత్తు, దించినప్పుడు ఆపుతాను."

సొరిన్ తల వంచుకుని కాగితాలు సర్దింది. నవ్వు కనబడితే కొంప మునుగుతుంది.

జొంజు నగరంలో గాయక బృందాల పోటీ. సొరిన్ చేయి ఎత్తింది, దించలేదు. మల్‌సున్ మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కలం కింద పెట్టేశాడు. సొరిన్ ఇంకా దించలేదు. దించేసరికి హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

రెండో బహుమతి వచ్చింది. ఒక స్వరం మరీ సాగిందట.

"నన్ను చంపేద్దామనుకున్నావటే?" అంది మల్‌సున్ తిరుగు బస్సులో.

"మీకెంత ఊపిరుందో చూద్దామని."

"ఇంకా బోలెడుంది. ముందు అలిసింది నీ చెయ్యే."

వారం తిరక్కుండా, కలం కింద పెట్టినాయన ఫోన్ చేశాడు. ఆయన ఓ నగర ఆర్కెస్ట్రాకు పెద్ద. వసంతంలో ఆ పాటను తమ వాద్యకారులతో సొరినే నడిపించాలన్నాడు. పైస్వరం పాడటానికి తమ గాయని ఉందన్నాడు.

సొరిన్ సాధన గదిలో ఆ కబురు చెప్పింది. గాయని సంగతి మాత్రం మింగేసింది.

"సరే, నేనెక్కడ నిలబడాలి?" అంది మల్‌సున్.

మర్నాడు పొద్దున్నే సొరిన్ ఆయనకు ఫోన్ చేసి, "మల్‌సున్ పెద్దమ్మ రాకపోతే నేనూ రాను" అని చెప్పింది.

"అయితే ఆవిడ కొలతలు పంపండి. సరిపడా కచేరీ గౌను మా దగ్గర లేదే," అన్నాడాయన.